రాజుగారి నిఘంటువులో ఉబ్బెత్తు

గోదావరి రెండు పాయలుగా చీలి, మళ్ళీ కలిసేలోపు మధ్యలో ఇమిడిపోయేంత రాజ్యం ఒకటి ఉండేది. దాని పేరు పొన్నలంక. ఏలేవారు రణధీర భూపతి. పేరుకి రణధీరుడేగాని ఆయన జన్మలో ఒక్క యుద్ధమూ చెయ్యలేదు. ఆ చిన్న లంక మీద కన్నెయ్యడానికి పక్క రాజులకి తీరిక దొరకలేదు. చెయ్యడానికి యుద్ధం లేక, ఊరుకుంటే పొద్దుపోక, రాజుగారు నిఘంటువు రాయడం మొదలుపెట్టారు.

నిఘంటువు అంటే మాటలకి అర్థాలు చెప్పే పుస్తకమని మనందరికీ తెలుసు. రాజుగారి నిఘంటువు అంతటితో ఆగలేదు. ప్రతి పున్నమి నాడు పొద్దున్నే కొలువులో ఆయన ఒక మాట తీసుకుని, తాటాకు మీద ఘంటంతో స్వయంగా దాని అర్థం రాసి, గొంతు సవరించుకుని చదివేవారు. చదవడం అయిందా, అది శాసనం. ఊళ్ళో వస్తువులన్నీ ఆ అర్థానికి తగ్గట్టు నడుచుకోవాలి. ఒక పున్నమికి 'తలుపు' అంటే 'మూసి ఉండవలసినది' అని రాశారు. ఆ నెలంతా పొన్నలంక జనం తమ ఇళ్ళలోకి కిటికీల్లోంచి దూరారు.

ఆ కొలువులో చిదంబరయ్య అనే ఉద్యోగి ఉండేవాడు. ఊరంతా తిరిగి మాటలు ఏరుకొచ్చి రాజుగారికి ఇవ్వడం అతని పని. ఎవరే పని చేస్తున్నా పక్కన చతికిలబడి, "దీన్నేమంటారు? ఎందుకలా అంటారు?" అని అడిగేవాడు. మొదట్లో జనం విసుక్కున్నారు. తర్వాత అలవాటుపడి, అతను కనిపించకపోతే వాళ్ళే కబురు పెట్టేవారు.

ఒకనాడు రాజుగారి పల్లకీ సంతబాటన పోతుంటే ముందు కుండల బండి ఒకటి అడ్డం వచ్చింది. అది గవరమ్మ బండి. పొన్నలంకకంతటికీ కుండలు చేసేది గవరమ్మ ఒక్కతే. ఎద్దులు మొరాయించాయి. పల్లకీ ఆగింది. రాజుగారికి ఆగడం అలవాటు లేదు. తెర తొలగించి బండివైపు కోపంగా చూశారు. చూస్తుంటే ఆయనకి ఒక సందేహం వచ్చింది.

"చిదంబరం! కుండకీ కుండకీ మధ్య అంత ఖాళీ వదిలారేం? దగ్గరగా పేర్చరేం?"

పల్లకీ పక్కన నడుస్తున్న చిదంబరయ్య ఉన్న మాటే చెప్పాడు. "కుండలు ఉబ్బెత్తుగా ఉంటాయి కదా ప్రభూ. పొట్టలు తగులుకుంటాయి. అందుకని మధ్యలో చోటు మిగులుతుంది."

"ఉబ్బెత్తు!" అన్నారు రాజుగారు, కొత్త మిఠాయి నోట్లో వేసుకున్నట్టు. "ఉబ్బెత్తు! భలే మాట. అంటే ఈ ఆలస్యానికంతకీ అదన్నమాట కారణం."

చిదంబరయ్య మనసు అప్పుడే కీడు శంకించింది.

పున్నమి వచ్చింది. రాజుగారు ఘంటం పట్టి రాసి చదివారు. "ఉబ్బెత్తు: ఏ పనికీ రాకుండా చోటు తినే పొంగు." మంత్రులు తలలూపారు. శాసనం వెంటనే వెలువడింది. వచ్చే పున్నమిలోగా రాజ్యంలో కుండలన్నీ నాలుగు పక్కలా బల్లపరుపుగా తయారు కావాలి. వంట సామానంతా ఉబ్బెత్తు మానుకోవాలి. గవరమ్మ అలాంటి కుండలు తేలేకపోతే ఆమె కుండలు కాల్చే ఆవం కూల్చేసి, ఆమెను పడవెక్కించి ఏరు దాటించాలి.

గవరమ్మను కొలువుకి పిలిపించి శాసనం వినిపించారు. ఆమె నుదుటి మీద మట్టి ఇంకా ఆరలేదు.

"ప్రభువులు చెప్పినట్టే చేస్తానండి, ఆయ్," అంది ఆమె. "కానీ మట్టి వినదండి."

"మట్టికి నా శాసనం చదివి వినిపించు," అన్నారు రాజుగారు.

కొలువంతా నవ్వింది. గవరమ్మ నవ్వలేదు. తాతముత్తాతల నుంచి వస్తున్న ఆవం అది. అందులో కాల్చిన కుండలతోనే ఆమె తన ముగ్గురు ఆడపిల్లల్నీ పెంచుకొచ్చింది. చిదంబరయ్యకి ఆనాటి బండి గుర్తొచ్చింది. ఆ పాడు మాట తన నోట్లోంచే కదా వచ్చింది! సంతబాటన నోరు మూసుకుని ఉంటే ఇవాళ ఈమెకి ఈ గతి పట్టేదా? ఆగలేక ముందుకొచ్చాడు.

"ప్రభూ, ఉబ్బెత్తుకి కూడా ఏదో పని ఉంటుందేమో. ఒక్కసారి కనుక్కుందాం."

అప్పుడు రాజుగారు ఫలహారం చేస్తున్నారు. ఆయన ఫలహారం ఎప్పుడూ పూతరేకులే. ఏటి ఒడ్డునుండే బంగారమ్మ ఇంటి నుంచి రోజూ వెండి పళ్ళెంలో వచ్చేవి. ఒకటి నోట్లో పెట్టుకుంటే చాలు, కళ్ళు వాటంతటవే మూసుకునేవి. అవి ఎలా తయారవుతాయో ఆయన ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు. నిఘంటువులో మాత్రం 'పూతరేకు: ఒకానొక చెట్టుకి వచ్చే తియ్యని ఆకు' అని ఎప్పుడో రాసేశారు. సరిదిద్దే ధైర్యం ఎవరికుంటుంది?

"పనా?" అన్నారు రాజుగారు మీసాల మీది పొడి దులుపుకుంటూ. "కుండకి పనంతా లోపలే చిదంబరం. నీళ్ళు లోపల, అన్నం లోపల, పెరుగు లోపల. బయటి ఉబ్బెత్తు చేసేదేముంది? మసి పూసుకోవడం. సరే, నీకంత పట్టుదలగా ఉంటే విను. కుండ వీపు ఒక మనిషికి తిండి పెట్టిందని చూపించు. ఆ తిండి నేను తిని 'బాగుంది' అన్నానంటే ఈ ఘంటం నీ చేతికిస్తాను. ఆ మాటకి నీకు నచ్చిన అర్థం రాసుకో. చూపించలేకపోయావా, గవరమ్మ ఎక్కే పడవే నువ్వూ ఎక్కు."

అని ఇంకో పూతరేకు అందుకున్నారు.

చిదంబరయ్య ఎప్పుడూ పూతరేకు తిన్నవాడు కాదు. రాజుగారి పళ్ళెం కింద రాలిన పొడి చూసినవాడు, అంతే. ఊళ్ళో ప్రతి వస్తువు గురించీ అడిగేవాడు దాని గురించి మాత్రం ఎప్పుడూ అడగలేదు. మనది కాని దాని గురించి మనకెందుకులే అనుకున్నాడు కాబోలు.

మర్నాటి నుంచి అతను ఊరు పట్టుకు తిరిగాడు. ఉబ్బెత్తు ఎక్కడుంటే అక్కడ ఆగాడు. పడవలు చేసేవాడి దగ్గర కూర్చుని, "అడుగు ఇలా ఉబ్బెత్తుగా ఎందుకు పెట్టావోయ్?" అని అడిగాడు.

"బల్లపరుపుగా ఉంటే ఇసక తిన్నె మీదకెక్కిన పడవ మళ్ళీ కదలదండి. కరుచుకుపోద్ది," అన్నాడు వాడు.

బాట వేసేవాళ్ళని అడిగితే, "మధ్యన కాస్త ఉబ్బెత్తు చేస్తేనే కదండీ వాన నీరు పక్కలకి పోయేది. లేకపోతే ప్రభువుల పల్లకీ బురదలో దిగబడదా?" అన్నారు. డాలు చేసే కమ్మరిని అడిగితే అతను మాట్లాడకుండా ఒక డాలు ఎత్తి పట్టుకుని, కత్తితో కొట్టమన్నాడు. చిదంబరయ్య భయపడుతూనే కొట్టాడు. కత్తి జర్రున పక్కకి జారిపోయింది. బల్లపరుపు పలక మీద కొడితే అక్కడే దిగబడింది.

చూసేకొద్దీ చిదంబరయ్యకి ఊరు వేరేగా కనిపించసాగింది. గుమ్మడికాయ ఉబ్బెత్తు, పనసకాయ ఉబ్బెత్తు. పొయ్యి మీద పొంగిన పూరీ ఉబ్బెత్తు. ఉయ్యాల్లో చంటిపిల్ల బుగ్గలు రెండూ ఉబ్బెత్తే. తన చేతి గోరు చూసుకున్నాడు. అదీ కొంచెం ఉబ్బెత్తుగానే ఉంది. ఇంతకాలం మాటలు ఏరుతూ తిరిగాడుగానీ ఒక్క మాట ఇన్ని చోట్ల దాక్కుని ఉంటుందని అతనికి తెలియదు. ఆ సంతోషంలో తన పందెం సంగతి కాసేపు మరిచిపోయాడు కూడా.

కానీ రాజుగారు అడిగింది పడవా కాదు, డాలూ కాదు. కుండ వీపు పెట్టే తిండి. అది మాత్రం ఎక్కడా దొరకలేదు.

పున్నమి ఐదు రోజులుందనగా కాళ్ళీడ్చుకుంటూ గవరమ్మ ఇంటికి వెళ్ళాడు. వాకిట్లో పగిలిన పెంకుల గుట్ట ఉంది. గవరమ్మ దాని పక్కన మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది.

"మూడుసార్లు ఆవం పెట్టానండి చిదంబరయ్యగారూ," అంది. "నాలుగు మూలల కుండ చేస్తే మూలలు ముందు ఆరిపోతాయండి, నడుమ తడిగానే ఉండిపోద్ది. ఆవంలో పెట్టామా, ఠప్పున రెండు ముక్కలు. ఒక్కటంటే ఒక్కటీ నిలబడలేదండి. పిల్లలు అప్పుడే మూటలు కట్టేస్తున్నారు."

 చిదంబరయ్య ఆమెకేసి చూడలేక చూపు గోడవైపు తిప్పాడు. అక్కడ పెద్ద కుండ ఒకటి బోర్లించి ఉంది. వెడల్పుగా, తాబేలు వీపులా ఉబ్బెత్తుగా ఉంది. పైభాగం ఎంత నున్నగా ఉందంటే ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టు నీడ అందులో కదులుతోంది. వంగి లోపల చెయ్యి పెట్టి చూశాడు. లోపల గరుకుగా, వేళ్ళ గీతలతో ఉంది. అలాంటి కుండ అతనెప్పుడూ చూడలేదు.

"గవరమ్మా, ఇదేంటి తిరకాసు? లోపల ఇలా వదిలేసి, బయట ఇంత నున్నన చేశావేం?"

"అది రేకుల కుండండి," అంది గవరమ్మ తల ఎత్తకుండానే. "దాని లోపలెవరిక్కావాలండి, మంటకి తప్ప? పనంతా దాని వీపు మీదేనండి."

"రేకుల కుండా? ఏ రేకులు?"

గవరమ్మ అతన్ని వింతగా చూసింది. "ఏ రేకులేంటండీ! రాజుగారు రోజూ తినేవి! బంగారమ్మగారు చేసేది దీనిమీదే కదండీ."

చిదంబరయ్య పెంకుల గుట్ట మీదే కూలబడ్డాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. గవరమ్మ పిల్లలు మూటలు వదిలేసి, ఈయనకేమైందోనని బయటికి పరుగెత్తుకొచ్చారు.

అక్కణ్ణుంచి తిన్నగా ఏటి ఒడ్డుకి, బంగారమ్మ ఇంటికి పోయాడు. ఆ పొద్దంతా ఆమె పొయ్యి పక్కనే కూర్చుని, ఆమె చేసే పని రెప్ప వెయ్యకుండా చూశాడు. లేచేటప్పుడు ఆమెకి చిన్నగా ఒక మాట చెప్పాడు.

"బంగారమ్మా, రాజుగారి శాసనం విన్నావు కదా? వంట సామాను ఉబ్బెత్తుగా ఉండకూడదట. నువ్వు రేపటి నుంచే పాటించెయ్. కుండ పక్కన పెట్టి, బల్లపరుపు పెనం మీద చెయ్యి."

"పెనం మీద రేకులేంటి బాబూ!" అంది బంగారమ్మ గుండెల మీద చెయ్యేసుకుని. "దుప్పట్లు వస్తాయి. నా పీక మీదకి తెస్తారా ఏంటి?"

"శాసనం ప్రకారం నడుచుకున్నవాళ్ళ పీక ఎవరు పట్టుకుంటారు చెప్పు. పట్టుకుంటే ముందు నా పీక పట్టుకోమను."

మర్నాడు వెండి పళ్ళెం వచ్చింది. రాజుగారు ఎప్పటిలాగే ఒకటి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. వెంటనే తెరిచారు. నమిలారు. ఇంకా నమిలారు. చివరికి మంచినీళ్ళతో మింగారు. ఆకు ముదిరిందేమో అనుకుని ఆ పూటకి ఊరుకున్నారు. రెండోనాడు పంటికి అంటుకుంది. మూడోనాడు రాజుగారు మాట్లాడబోతే పైపెదవి కింది పెదవిని వదల్లేదు. నాలుగోనాడు పళ్ళెం విసిరికొట్టారు. అప్పటికి ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడటం మానేశారు. మంత్రులు స్తంభాల చాటున నిలబడుతున్నారు.

పున్నమి నాటి పొద్దున కొలువు తీరింది. ఒక పక్క చేతులు కట్టుకుని గవరమ్మ నిలబడింది. కుండలు మాత్రం తేలేదు. ఏట్లో పడవ సిద్ధంగా ఉంది. రాజుగారికి ఆ సంగతే గుర్తులేదు.

"ముందు ఆ బంగారమ్మని పట్టుకురండి!" అని గర్జించారు. పేరుకి తగ్గట్టు ఆయన రణధీరుడిలా కనిపించింది ఆ ఒక్కరోజే.

బంగారమ్మ వచ్చి దండం పెట్టింది.

"నాలుగు రోజులుగా నాకు పంపిస్తున్నదేమిటి? ఎండిన తోలా? ఏ చెట్టు ఆకులు కోశావు?"

"చెట్టేంటండీ?" అంది బంగారమ్మ అయోమయంగా. చిదంబరయ్య గట్టిగా దగ్గాడు. ఆమె తేరుకుంది. "ఏలినవారి శాసనం ప్రకారమే చేశానండి. బల్లపరుపు పెనం మీద."

"పెనమెవడికి కావాలి? ఇదివరకు దేనిమీద చేశావో దానిమీదే చెయ్యి!"

"ప్రభూ," అన్నాడు చిదంబరయ్య ఎంతో వినయంగా, "అది శాసనానికి విరుద్ధమేమో. మరొక్కసారి ఆలోచించండి."

"శాసనం నాదే, నాలుకా నాదే! ఇప్పుడే, ఇక్కడే, నా కళ్ళముందే చెయ్యమను. ఇది నా ఆజ్ఞ!"

ఆజ్ఞ కోసమే కాచుకుని ఉన్నట్టు బయటి నుంచి పొయ్యి వచ్చింది, ఎండు కొబ్బరాకులు వచ్చాయి, పల్చటి బియ్యప్పిండి పాలు వచ్చాయి. గవరమ్మ చేసిన రేకుల కుండ వచ్చింది. దాన్ని పొయ్యి మీద బోర్లించి కింద మంట పెట్టారు. బంగారమ్మ దాని వీపును నూనె గుడ్డతో తుడిచింది. తర్వాత పల్చటి గుడ్డ ఒకటి పిండిపాలలో ముంచి, రెండు కొసలూ పట్టుకుని, కుండ మీదుగా ఒక్క లాగు లాగింది. ఎక్కువైన పిండి ఉబ్బెత్తు మీంచి చుట్టూ జారిపోయింది. రెప్పపాటులో కుండ మీద తెల్లటి పొర ఒకటి నిలిచింది. దాని అంచులు వాటంతటవే లేచాయి. బంగారమ్మ రెండు వేళ్ళతో దాన్ని ఎత్తి వెలుగుకి పట్టుకుంది.

రాజుగారు సింహాసనం మీంచి ఎప్పుడు లేచారో ఆయనకే తెలియదు. ముక్కు ఆ పొరకి ఆనేంత దగ్గరికి వచ్చి నిలబడ్డారు. పొరలోంచి అవతలనున్న మంత్రుల మొహాలు కనిపిస్తున్నాయి. ఆయన దాన్ని ఊదారు. అది ఊగింది. చిన్నపిల్లాడిలా మళ్ళీ ఊదారు.

బంగారమ్మ నెయ్యి రాసి, బెల్లం పొడి జల్లి, మడత పెట్టి ఇచ్చింది. రాజుగారు నోట్లో పెట్టుకున్నారు. నాలుగు రోజుల తర్వాత ఆయన కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి.

"ఎలా ఉంది ప్రభూ?" అన్నాడు చిదంబరయ్య.

"ఎలా ఉండటమేమిటి! బాగుంది!"

"వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినపడలేదేమో ప్రభూ."

"బాగుంది, బాగుంది, బాగుంది!" అని రాజుగారు కొలువు దద్దరిల్లేలా అరిచారు.

చిదంబరయ్య వంగి దండం పెట్టాడు. అప్పుడుగానీ రాజుగారు కళ్ళు తెరవలేదు. తెరిచి, ముందు రేకును చూశారు, తర్వాత కుండను చూశారు. బోర్లించిన కుండ, దాని వీపు, లోపల మసి. మీసాల మీద బెల్లం పొడి అలాగే ఉంది. మంత్రులంతా ఒక్కసారిగా కప్పు వంక చూడటం మొదలుపెట్టారు.   రాజుకి అభిమానం దెబ్బతింటే పడవ దాకా కూడా పోనక్కర్లేదని, తల అక్కడే తెగుతుందని చిదంబరయ్యకి తెలుసు.

రాజుగారి మీసం మొదట ఒక పక్క అదిరింది. తర్వాత రెండో పక్క అదిరింది. "ఓరి నీ!" అని ఒక్కసారిగా నవ్వేశారు. నవ్వి నవ్వి సింహాసనం మెట్ల మీదే కూర్చున్నారు. కూర్చుని ఘంటం చాపారు.

"తీసుకో. ఓడిపోయాను. ఏం రాస్తావో రాయి."

చిదంబరయ్య అందుకోలేదు. "నేను మాటలు ఏరేవాణ్ణి ప్రభూ. ఈ మాట గవరమ్మది. రాసే హక్కు ఆమెకివ్వండి."

"నాకు రాత రాదండి బాబూ," అంది గవరమ్మ కంగారుగా.

 రాజుగారు తాటాకు ఒళ్ళో పెట్టుకున్నారు. "నువ్వు చెప్పమ్మా. నేను రాస్తాను."

గవరమ్మ తన చేతులు చూసుకుంది. ఆ చేతులే ఆమెకి మాట అందించాయి.

"కుండ తనంతట తను ఉబ్బదండి. సారె చక్రం మీంచి దింపాక నా ఎడంచెయ్యి లోపల పెట్టి ఆపుతానండి, కుడిచేత్తో బయట చెక్కతో కొడతానండి. లోపల చెయ్యి ఆనుకున్నకాడే బయట నున్నగా పొట్ట వస్తదండి. చూసినోళ్ళకి పొట్టే కనపడద్ది, చెయ్యి కనపడదండి. ఉబ్బెత్తంటే నాకు తెలిసింది అదేనండి, ఆయ్."

రాజుగారు పాత ఆకు తీసి పక్కన పడేసి, కొత్త ఆకు మీద నిదానంగా రాశారు. అలవాటు ప్రకారం గొంతు సవరించుకుని, ఛాతీ విరుచుకుని చదివారు. "ఉబ్బెత్తు: లోపల కనపడని చేతులు ఆనుకుని ఉండబట్టి బయటికి గొప్పగా కనిపించేది."

చదివి ఆగిపోయారు. విరుచుకున్న తన ఛాతీ వంక చూసుకున్నారు. గవరమ్మను చూశారు, బంగారమ్మను చూశారు, దూరంగా నిలబడ్డ పల్లకీ బోయీలను చూశారు. తర్వాత చిదంబరయ్య వైపు కళ్ళు చికిలించారు.

"చిదంబరం! ఇది నన్ను గురించేనా?"

"నేనేం ఎరుగుదును ప్రభూ," అన్నాడు చిదంబరయ్య. "దస్తూరీ తమదే కదా!"

ఈసారి రాజుగారు నవ్విన నవ్వుకి స్తంభాల మీది పావురాలు లేచిపోయాయి. ఆయన తన భుజం మీది పట్టు శాలువా తీసి స్వయంగా గవరమ్మ భుజాల చుట్టూ కప్పారు. ఆమె ఆవం జోలికి ఇక ముందు ఎవరూ పోకూడదని ఆజ్ఞ రాయించారు. బంగారమ్మ చేతి నుంచి వచ్చిన రెండో రేకును తాను తినకుండా తన చేత్తోనే చిదంబరయ్య నోట్లో పెట్టారు. "ఈ ఏడాదికి నీ జీతం రెట్టింపు" అని కూడా అన్నారుగానీ, కళ్ళు మూసుకుని ఉన్న చిదంబరయ్య ఆ మాట విన్నాడో లేదో చెప్పలేం.

ఆ పున్నమి తర్వాత రాజుగారు ఏ మాటకి అర్థం రాయబోయినా, ముందు ఆ వస్తువుతో పనిచేసేవాళ్ళని పిలిపించి కూర్చోబెట్టుకునేవారు. వాళ్ళు చెప్పేవారు, ఆయన రాసేవారు. ఒక్కో మాట దగ్గర ఊరంతా చేరి వాదించుకోవడంతో నిఘంటువు నత్తనడక నడిచిందట. రాజుగారి జీవితకాలంలో అది పూర్తికాలేదు. పొన్నలంకలో ఎవరూ దాని గురించి విచారించలేదు కూడా.